నాబ్ సగమే తిప్పా... ట్వీటర్ ఎందుకు కాలింది?

"ఏంట్రా ఆ గీరుడు?" అని అమ్మ వంటింట్లోంచి అరిచినప్పుడే ఆపేయాల్సింది. ఆపలేదు. నాన్నకి ఈ మధ్య కాస్త వినికిడి తగ్గింది. "ఇంకొంచెం పెంచరా, సన్నాయి సరిగ్గా వినపడట్లేదు" అన్నారు. వాల్యూమ్ నాబ్ చూస్తే గడియారంలో పన్నెండు దగ్గరే ఉంది. సగమేగా, ఇంకా సగం పవర్ మిగిలే ఉందిగా అనుకుని పెంచా. పది నిమిషాల్లో కుడివైపు ట్వీటర్ మూగబోయింది. మొదటి బోనస్‌తో ముచ్చటపడి కొన్న స్పీకర్లు!

అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "ఆంప్లిఫయర్ మరీ పెద్దదా?" కాదండీ, మరీ చిన్నది. అసలు గొడవంతా అక్కడే ఉంది.

స్పీకర్ కొనేటప్పుడు మనం వాట్లు చూస్తాం. చూడాల్సింది సెన్సిటివిటీ. అంటే దాదాపు ఒక వాట్ ఇస్తే, మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోత వస్తుందన్న లెక్క. నా స్పీకర్లు 84. ఇంకో రకం 91 ఉండొచ్చు. తేడా ఏడేగా అనిపిస్తుంది. కానీ 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి, 10 పెరగాలంటే పది రెట్లు కావాలి.

మా హాల్లో లెక్క వేద్దాం. పాట మామూలుగా 80 దగ్గర నడిచినా, మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు క్షణంపాటు 95కి ఎగురుతుంది. కుర్చీ దూరం వల్ల ఓ 5 పోతుందనుకుంటే, స్పీకర్ దగ్గర 100 రావాలి. 91 స్పీకర్‌కి దానికి 8 వాట్లు చాలు. నా 84కి 40 వాట్లు కావాలి. నా ఆంప్ 25 వాట్లది! పైగా నాన్న కోసం ఇంకో 3 పెంచానంటే 80 వాట్లు అడిగినట్టు.

అలాగని తక్కువ సెన్సిటివిటీ అంటే నాసిరకం అనుకోకండి. బీబీసీ వాళ్లు 1970ల్లో తమ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్ల ఇరుకులో పట్టేలా తయారుచేసిన ఎల్ఎస్3/5ఏ స్పీకర్ 83 దగ్గరే ఉంటుంది. ఇప్పటికీ దాని కోసం పడిచచ్చేవాళ్లున్నారు. చిన్న డబ్బాలోంచి మంచి బేస్ రాబట్టాలంటే ఎక్కడో ఒకచోట వదులుకోవాలి. అక్కడ వదులుకున్నది మోత.

రెండోది ఇంపెడెన్స్. స్పీకర్ వెనక 6 ఓమ్స్ అని రాసున్నా, కొన్ని స్వరాల దగ్గర అది 4కో అంతకన్నా కిందికో దిగుతుంది. ఓమ్స్ తగ్గేకొద్దీ ఆంప్ ఎక్కువ కరెంట్ ఇవ్వాలి. నలుగురిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డెక్కే ఆటో పరిస్థితే. అందుకే 8 ఓమ్స్ దగ్గర ఎన్ని వాట్లో ఒక్కటే చూడొద్దు, 4 ఓమ్స్ దగ్గర ఎంతో కూడా అడగండి. దాదాపు రెట్టింపు రాసుంటే ఆ ఆంప్‌కి దమ్ముందని అర్థం. డబ్బా మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ అంకెల్ని మాత్రం పట్టించుకోవద్దు, ఆర్‌ఎంఎస్ చూడండి.

ఇక నాబ్ సంగతి. అది పవర్ మీటర్ కాదు, కుళాయి లాంటిది. ఎంత తిప్పితే ఎంత వస్తుందన్నది వెనక నుంచి వచ్చే సిగ్నల్‌ని బట్టి ఉంటుంది. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా 2 వోల్టులు ఇస్తుంది. చాలా ఆంప్‌లకు అందులో నాలుగో వంతు చాలు, ఫుల్ పవర్‌కి చేరిపోతాయి. అంటే నాబ్ పన్నెండు దగ్గరుండగానే ఆంప్ చేతులెత్తేయొచ్చు. నా కేసులో జరిగింది అదే.

ఆంప్ చేతులెత్తేస్తే ధ్వని తరంగం తల తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు బేస్ ఇక పెరగదు, పైస్థాయి శబ్దాలు మాత్రం పెరుగుతూ పోతాయి. తెగిన తరంగం నుంచి కొత్తగా పుట్టే కీచు శబ్దాలు కూడా వచ్చి కలుస్తాయి. ఇవన్నీ వెళ్లి పడేది పాపం ట్వీటర్ మీదే. వెంట్రుకంత సన్నటి కాయిల్, కొన్ని వాట్లకే మాడిపోతుంది. అమ్మకి వినిపించిన గీరుడు అదే.

కాబట్టి గరగర వినపడగానే తగ్గించేయండి, నాబ్ ఎక్కడున్నా సరే. బేస్ నాబ్ జోలికి పోకండి. బేస్ 6 డెసిబెల్స్ పెంచితే, ఆ బేస్ కోసం నాలుగింతల పవర్ కావాలి. పెద్ద ఆంప్ కొన్నా ఒళ్లు దగ్గర పెట్టుకుని తిప్పాలి. హద్దు దాటితే అదీ కాలుస్తుంది.

ట్వీటర్ మార్పించా. ఆంప్ 80 వాట్లది తెచ్చా. కానీ అన్నిటికన్నా బాగా పనిచేసింది పైసా ఖర్చు లేనిది: నాన్న కుర్చీని నాలుగు మీటర్ల నుంచి రెండు మీటర్లకి జరిపా. మూసిన గదిలో అది దాదాపు ఆంప్‌ని రెట్టింపు చేసినంత. పైగా మోత పెంచుకుంటూ పోతే ఉన్న వినికిడి కూడా పోతుంది. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు, 3 పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమైపోతుందని అమెరికా నియోష్ సంస్థ చెబుతోంది.

మొన్న ఆదివారం అదే సన్నాయి పెట్టా. నాబ్ పదింటి దగ్గరే ఉంది. నాన్న పెంచమనలేదు. అమ్మ కూడా వంటింట్లోంచి ఏమీ అనలేదు.