బొమ్మ సిపాయిలకి రంగులేద్దాం రండి

సాఫ్ట్‌వేరు వాళ్ళం కొత్త హాబీ మొదలెట్టే పద్ధతి ఒకటుంది. ముందు ఓ పదిరోజులు వీడియోలు చూస్తాం, తర్వాత ఎక్సెల్ షీటులో ధరలు పోల్చుకుంటాం, ఆ తర్వాత క్రెడిట్ కార్డు బయటికి తీస్తాం. హాబీ మాత్రం మొదలవదు :)

వార్‌గేమ్ బొమ్మల సంగతీ అంతే. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. అంగుళం, అంగుళంపావు ఎత్తుండే సైనికుల బొమ్మలు కొని, వాటికి మన చేత్తో మనమే రంగులేసి, బల్లమీద గుట్టలూ చెట్లూ పేర్చి, టేపుతో దూరం కొలుస్తూ, పాచికలు వేస్తూ యుద్ధం ఆడటం. ఇదేమీ కొత్తది కాదు. హెచ్.జి. వెల్స్ 1913లోనే ఈ ఆటకి నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేశాడు. 1983లో వార్‌హామర్ వచ్చాక అది పెద్ద వ్యాపారమైంది. మనవాళ్ళు మొదలెడితే అక్కడే మొదలెడతారు: అంతరిక్ష సైనికులు, రాక్షసులు, ఖరీదైన రంగు సీసాలు.

నా అభిప్రాయం వేరు. మనవాళ్ళు రంగులేసే మొదటి పది బొమ్మలు చందుర్తి యుద్ధానివి అవ్వాలి.

చందుర్తి ఎక్కడా అంటారా? మా అమలాపురం నుంచి ఎదుర్లంక వారధి దాటి, యానాం, కాకినాడ, పిఠాపురం మీదుగా వెళ్తే గొల్లప్రోలు మండలంలో వస్తుంది. బొబ్బిలి యుద్ధం అందరికీ తెలుసు, 1757 జనవరి. ఆ తర్వాత అదే బుస్సీ గోదావరి పాయల దగ్గరున్న ఇంగ్లీషువాళ్ళ వర్తక స్థావరాలు మాధవాయిపాలెం, బెండమూర్లంక, ఇంజరం పట్టుకున్నాడు. అవును, మన అల్లవరం మండలం బెండమూర్లంకే. మరుసటేడు లాలీ బుస్సీని వెనక్కి పిలిపించి ఆ చోట కాన్‌ఫ్లాన్స్‌ని పెట్టాడు. విజయనగరం ఆనందరాజు ఫ్రెంచివాళ్ళమీద తిరగబడి ఇంగ్లీషువాళ్ళ సాయం అడిగితే, క్లైవు బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి.

రంగులేసేవాడికి అసలు కథ ఇక్కడుంది. ఆ కాలపు చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ చెప్పినదాని ప్రకారం, ఇంగ్లీషువాళ్ళ సిపాయిలకి తెల్లసైనికుల్లాగే ఎర్రకోట్లు ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళ సిపాయిలకి అలాంటి యూనిఫారం లేదు. ఫోర్డ్ తన తెల్లసైనికుల్ని మధ్యలో నిలబెట్టాడు. ఎత్తుగా పెరిగిన మొక్కజొన్న చేను వాళ్ళని కప్పేసింది. పక్కనున్న సిపాయిల జెండాలు చుట్టేయించాడు. ఫ్రెంచివాళ్ళు ఎర్రకోట్లు చూసి, ఇంగ్లీషు పటాలం ఇదే అనుకుని సిపాయిలమీద పడ్డారు. సిపాయిలు చెదిరిపోయారు. తరుముకుంటూ వచ్చిన ఫ్రెంచివాళ్ళ వరస చెదిరాక, చేను పక్కనుంచి అసలు పటాలం బయటికొచ్చి కాల్చింది. యుద్ధం తిరగబడింది. 1759 ఏప్రిల్‌కల్లా మచిలీపట్నం కూడా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది.

అంటే ఒక కోటు రంగు ఉత్తరకోస్తా చరిత్రని మార్చడంలో ఓ చెయ్యి వేసింది. బొమ్మకి రంగులేయడం ఎందుకూ అని అడిగేవాళ్ళకి ఇంతకంటే మంచి సమాధానం నాకు తెలీదు.

"ఇద్దరు పరాయివాళ్ళ కొట్లాట, మనకెందుకండీ?" అనొచ్చు. లెక్క చూడండి. రెండువైపులా కలిపి యూరోపియన్లు సుమారు వెయ్యిమంది. సిపాయిలు ఇటు రెండువేలు, అటు ఆరువేలు. ఆనందరాజు మనుషులు మరో అయిదువేల పైచిలుకు, చాలామంది చేతిలో ఈటెలూ విల్లులూ. కొట్లాట పరాయివాళ్ళదే, కానీ నిలబడ్డవాళ్ళలో నూటికి తొంభైమంది మన రంగువాళ్ళు. వాళ్ళలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఇక ఆ 'మన రంగు' సంగతి. చిన్నప్పుడు మనందరి క్రేయాన్ డబ్బాలోనూ 'స్కిన్ కలర్' అని ఒకటుండేది, గుర్తుందా? లేత గులాబీ. దాంతోనే అమ్మనీ నాన్ననీ గీసి ఇచ్చేవాళ్ళం, ఎవరూ ఏమీ అనలేదు. బొమ్మలకి రంగులేయడం నేర్పే వీడియోలు కూడా చాలావరకు ఆ గులాబీతోనే నేర్పుతాయి. ఆనందరాజు మనుషులకి ఆ పాఠం పనికిరాదు. బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, కొంచెం నల్లటి గోధుమరంగు తీసుకుని మనమే కలుపుకోవాలి. ఒక్కొక్కడికి కొంచెం తేడాగా కలపండి, ఊళ్ళో జనం అలాగే ఉంటారు కదా. వెలుగు పడే చోట తెలుపు కలిపితే ఒంటికి బూడిద రాసుకున్నట్టుంటుంది, ఓకర్ కలిపితే ఎండ పడినట్టుంటుంది. ఎర్రకోటుకీ ఇదే సూత్రం. ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ అయిపోతుంది, నారింజ కలపాలి. ఈ రెండు రంగులూ చేతికొస్తే సగం విద్య వచ్చినట్టే.

మిగతా సగానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. విదేశీ కంపెనీల సిపాయి బొమ్మలు వచ్చేలోపు, తీర్థంలో అమ్మే ప్లాస్టిక్ సోల్జర్లమీద చెయ్యి తిప్పుకోండి. ముందు సబ్బునీళ్ళతో కడగాలి, లేకపోతే రంగు పట్టదు. తర్వాత ప్రైమర్. కొండపల్లి బొమ్మకి రంగులకి ముందు సున్నం పూత వేస్తారే, ఇదీ అదే పని. స్టేషనరీ షాపులో దొరికే ఆక్రిలిక్ రంగుల్ని పల్చటి మజ్జిగలా కలిపి, ఒక మందం పూత బదులు రెండు పల్చటి పూతలు వేయండి. ఆరాక ముదురు గోధుమరంగుని చారులా పల్చగా చేసి పైన పోస్తే మడతల్లోకి దిగి నీడలు అదే వేసుకుంటుంది. ఆ తర్వాత ఉబ్బెత్తు చోట్ల లేత రంగు తగిలించండి. సున్నా నంబరు కుంచె ఒకటి, కాస్త పెద్దది ఒకటి చాలు.

మా కోనసీమ వాళ్ళకి ప్రత్యేకంగా రెండు మాటలు. వానాకాలంలో స్ప్రే ప్రైమర్ జోలికెళ్ళకండి, గాల్లో తేమకి బొమ్మ తెల్లగా పొగబారుతుంది. మే ఎండలో కొడితే గాల్లోనే ఆరి గరుగ్గా పడుతుంది. ఆ రోజుల్లో కుంచెతో వేసే ప్రైమరే మేలు. రెండోది, బొమ్మ కింద గడ్డి కోసం పొట్లాల్లో అమ్మే సరుకు కొనకండి. ఆయ్, కొబ్బరి పీచు చూస్తూ చూస్తూ కొనుక్కుంటామా? సన్నగా కత్తిరించి, ఫెవికాల్‌తో జల్లెడపట్టిన ఇసుకమీద అంటిస్తే ఎండుగడ్డి రెడీ. మొక్కజొన్న చేనుకి పీచు నిలువుగా నిలబెట్టి ఆకుపచ్చ పూయండి.

మన పనిలో ఏదీ పూర్తవదు. రిలీజు తర్వాత ప్యాచ్, ప్యాచ్ తర్వాత ఇంకో రిలీజు. రెండేళ్ళు రాసిన కోడు ఒక మీటింగులో మూలకి పోతుంది. పదిమంది సిపాయిలు మాత్రం పూర్తవుతారు. అరమీద నిలబడతారు, ఎవరూ డిప్రికేట్ చెయ్యలేరు.

అంతకన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. ఆ కాలపు యుద్ధాల బొమ్మల్ని తయారుచేసేవాళ్ళూ, రంగులేసేవాళ్ళూ ఇవాళ ఎక్కువగా సముద్రాల అవతలే ఉన్నారు. వాళ్ళు శ్రద్ధగానే చేస్తారు, నాకు ఫిర్యాదు లేదు. కానీ గోదావరి జిల్లా మనిషి ఎండలో ఏ రంగులో ఉంటాడో మనకి తెలిసినంత వాళ్ళకి తెలీదు. పేర్లు మిగలని మనుషులకి కనీసం వాళ్ళ ఒంటి రంగైనా సరిగ్గా వేసిపెడదాం. ఈ శనివారం ఒక్క సిపాయితో మొదలెట్టండి. ఏమంటారు?