ఊరికే ఎందుకెక్కకూడదు?

మన సమాజం ఆడవాళ్ళను కొండ ఎక్కనివ్వదని నేను అనడం లేదు. ఎక్కనిస్తుంది. కాకపోతే ఎందుకెక్కుతున్నావో ముందు చెప్పమంటుంది. మొక్కు ఉందనో, కూలికి పోతున్నాననో, దేశానికి పేరు తేవడానికనో చెబితే దారి వదులుతుంది. "ఊరికే" అనే నాలుగో జవాబు మాత్రం చెల్లదు. మగవాడి నోట అది మామూలు మాట. "ఎక్కడికిరా?" అంటే "ఊరికే, అట్లా తిరిగొస్తా" అంటాడు. ఆడదాని నోట అదే మాట వస్తే ఇంటిల్లిపాదీ తలెత్తి చూస్తారు. మన అమ్మాయిలు శిఖరాలెక్కుతున్నారని సంబరపడే వార్తలు చదివినప్పుడల్లా ఈ నాలుగో జవాబు గురించి గొడవ పెట్టుకోవాలనిపిస్తుంది.

ముందు మొక్కు సంగతి. అలిపిరి నుంచి తిరుమలకు మూడున్నర వేల పైచిలుకు మెట్లు. ఒక్కో మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మళ్ళీ లేచి పై మెట్టుకు వెళ్ళే ఆడవాళ్ళను మనమందరం చూశాం. నల్లమలలో చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగి, మళ్ళీ ఎక్కి వచ్చేవాళ్ళలో చంకన బిడ్డలున్న తల్లులుంటారు. బూట్లుండవు, తాడుండదు, చేతికర్ర ఉంటే ఉంటుంది. శరీర దారుఢ్యం లెక్కన చూస్తే ఇది పర్వతారోహణకు ఏం తక్కువ? కానీ దీన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఎందుకంటే ఆ ఎక్కడం ఆమెది కాదు. భర్త ఆరోగ్యానిది, కొడుకు ఉద్యోగానిది, పుట్టని మనవడిది.

అదే మొక్కు మగవాడికి వేరే రకంగా పనిచేస్తుంది. నేను ఉండే జీడిమెట్లలో కార్తీకం వస్తే నల్లబట్టలు, మెడలో మాల కనిపించని వీధి ఉండదు. నలభై ఒక్క రోజుల దీక్ష, ఆపైన స్నేహితులతో కలిసి కొండకు ప్రయాణం. భక్తిని తక్కువ చేయడం లేదు. కానీ అది ఫ్యాక్టరీ కార్మికుడికి ఏడాదికొకసారి ఇల్లు, షిఫ్టు వదిలి అడవిదారిలో నడిచే అవకాశం కూడా. ఆ దీక్షకు తెల్లవారుజామున వంట చేసేదెవరో చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు శబరిమలకు అన్ని వయసుల స్త్రీలూ వెళ్ళవచ్చంది. ఆ అక్టోబరులోనే హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక మహిళా విలేఖరి, చుట్టూ పోలీసులున్నా, గుడి దగ్గరి దాకా ఎక్కి వెనక్కి తిరగాల్సి వచ్చింది.

మనకు ఆరుబయటి వినోదం లేదా అంటే ఉంది, వనభోజనాలున్నాయి. ఉసిరిచెట్టు కింద మగవాళ్ళు పేక పరుస్తారు, ఆడవాళ్ళు పొయ్యి పెడతారు. వనం మారింది గానీ వంట మారలేదు. పైగా ఇప్పుడు నగరంలో కార్తీక వనభోజనాలు కులసంఘాల పేరు మీదే ఎక్కువగా జరుగుతున్నాయి. ఏ చెట్టు కింద ఎవరు కూర్చోవాలో కులం నిర్ణయిస్తుంది, ఎవరు వడ్డించాలో జెండర్ నిర్ణయిస్తుంది. మన "ఔట్‌డోర్ రిక్రియేషన్" సామాజిక చరిత్ర రాయాలనుకునేవాళ్ళు హిమాలయాల దాకా పోనక్కరలేదు, ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

ఇక కూలి. హైదరాబాద్ బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు గచ్చిబౌలి, ఖాజాగూడ, నానక్‌రాంగూడ వైపు గుట్టలు ఒక్కొక్కటే పేలి కంకరగా మారాయి. బండల్ని కాపాడాలని 1996 నుంచీ ఒక సొసైటీ పోరాడుతూనే ఉంది. ఆ కంకర కొట్టినవాళ్ళలో, తట్టలకెత్తి మోసినవాళ్ళలో వడ్డెర స్త్రీలున్నారు. ఏ రాయి ఎటు పగులుతుందో, ఎక్కడ కాలు నిలుస్తుందో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? గుట్టలు పోయిన చోట అద్దాల భవనాలు లేచాయి. ఇప్పుడు అదే నగరంలో ఇనుప చట్రానికి రంగురంగుల ప్లాస్టిక్ పట్లు బిగించి, గంటకింతని డబ్బు తీసుకుని గోడ ఎక్కిస్తున్నారు. కొండను పగలగొట్టి కొండ బొమ్మను అమ్మడం అంటే ఇదే. రాళ్ళు మోసినామె ఆ గోడ దగ్గరికి వస్తే గిస్తే చీపురుతోనే వస్తుంది.

ఇది మన ఒక్కరి కథే కాదు. ఆల్ప్స్‌లో మోంట్ బ్లాంక్ శిఖరాన్ని మొట్టమొదట ఎక్కిన స్త్రీ మరీ పారడీ. 1808లో ఎక్కింది. షమోనీ గ్రామంలో పని చేసుకుని బతికే పేదమనిషి. ముప్పై ఏళ్ళ తర్వాత, 1838లో, హెన్రియెట్ దాంజివిల్ అనే కులీన స్త్రీ ఎక్కింది. చాలాకాలం చరిత్రలో గౌరవమంతా రెండో ఆమెకే దక్కింది. మొదటి ఆమెను మగవాళ్ళు ఈడ్చుకుపోయారని, డబ్బు కోసం ఎక్కిందని పక్కన పెట్టారు. పనిమనిషి ఎక్కితే పని, దొరసాని ఎక్కితే సాహసం. ఆ దొరసానులకైనా తలుపులు సులువుగా తెరుచుకోలేదు. 1857లో లండన్‌లో పుట్టిన ఆల్పైన్ క్లబ్ 1970ల దాకా స్త్రీలను చేర్చుకోలేదు. వాళ్ళు 1907లో వేరే క్లబ్ పెట్టుకోవాల్సి వచ్చింది.

మూడోది రికార్డు. అందరికీ నచ్చేది ఇదే కాబట్టి జాగ్రత్తగా మాట్లాడాల్సిందీ ఇక్కడే. టెన్సింగ్ ఎవరెస్ట్ ఎక్కిన మరుసటి ఏడు, 1954లో, డార్జిలింగ్‌లో పర్వతారోహణ సంస్థ పెట్టినప్పటి నుంచీ మన దేశంలో కొండెక్కడం సైన్యమూ ప్రభుత్వమూ నడిపిన జాతి గౌరవ కార్యక్రమం. 1984 మే 23న బచేంద్రీ పాల్ ఎవరెస్ట్ ఎక్కింది కూడా ఆ చట్రంలోనే. 2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి ఎనిమిది రోజుల ముందు, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్ళ 11 నెలలు. నేపాల్ పదహారేళ్ళ లోపు వాళ్ళకు అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని, లంబాడీ పిల్ల. ఆమెతో ఖమ్మం జిల్లా నుంచి దళిత విద్యార్థి ఆనంద్ కుమార్. ఇద్దరూ భువనగిరి రాతికొండ మీద ఓనమాలు నేర్చుకున్నారు. శిఖరం మీదికి అంబేడ్కర్ చిత్రం తీసుకువెళ్ళారు. డబ్బున్న మగవాళ్ళ ఆటగా మిగిలిపోయిన చోట ఆ చిత్రం నిలబడటం చిన్న విషయం కాదు. 2022 నాటికి పూర్ణ ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కేసింది. ఆమె సాధించినదాని మీద నాకు ఏ పేచీ లేదు.

నా పేచీ ఆ తర్వాత ఆమెను వాడుకున్న తీరుతో. "పూర్ణ ఎక్కింది, నువ్వెందుకు ఎక్కలేవు?" అన్నది నినాదమైంది. ఈ నినాదం ఆడపిల్లకు చెప్పేదేమిటి? నీకు ఆరుబయట చోటు కావాలంటే ముందు 8,849 మీటర్లు ఎక్కి అర్హత సంపాదించుకో అని. అసాధ్యమైనది చేసి చూపించిన పిల్లకు దండ వేస్తాం, సాధ్యమైనది అడిగే లక్షల మంది పిల్లలకు గేటు వేస్తాం. సాయంత్రం ఆరు దాటితే హాస్టల్ ఆవరణ దాటనివ్వని చోటే గోడ మీద ఆమె ఫోటో ఉంటుంది. మన వ్యవస్థకు ఇందులో ఇబ్బందేమీ కనబడదు. ఒక్కరికి శిఖరం ఇవ్వడం, అందరికీ సాయంత్రం ఇవ్వడం కంటే చవక.

మా వీధిలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే ఒకామె ఉంది. పూర్ణ గురించి మాట్లాడుతుంటే, "ఆ పిల్ల మస్తు చేసింది మేడం. మా పిల్లను గూడ పంపితే గవర్నమెంట్ నౌకరి ఇస్తరా?" అంది. మరి నీకు ఎక్కాలనిపించదా అంటే నవ్వి, "కొండ మీదికి పోయి ఏం చెయ్యాలె? దేవుడున్నడా ఆడ?" అంది. పైన చెప్పిన జవాబులే ఆమె నోట మళ్ళీ వినబడ్డాయి. ఆదివారం జీడిమెట్లలో మగవాళ్ళకు ఖాళీ ప్లాట్లలో క్రికెట్ ఉంది, ఫాక్స్ సాగర్ కట్ట ఉంది, కల్లు కాంపౌండ్ ఉంది. ఆమెకు వారం బట్టలున్నాయి. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు గడిపితే, ఆ పనులు చేసే మగవాళ్ళు గడిపేది 88 నిమిషాలు. ఆ తేడా రోజుకు మూడు గంటల పైమాటే. గుట్టలెక్కే సమయం ఎక్కడ పోయిందో వెతకాల్సింది అక్కడే.

మనమైనా, అంటే స్త్రీవాదులమైనా, ఈ ప్రశ్నను సరిగ్గా అడిగామా? "బయట" గురించి మనం రాసినదంతా ఎక్కువగా ప్రమాదం గురించే. రాయక తప్పదు కూడా. కానీ ఆ భాషను ప్రభుత్వం మన దగ్గర్నుంచి తీసుకుని రక్షణగా తిరిగి ఇచ్చింది. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ వచ్చాయి. వేధించేవాణ్ణి పట్టుకోవడం అవసరమే. అయితే రక్షణ ఒక్కటే హక్కు అనుకుంటే, అన్నిటికంటే సురక్షితమైన చోటు ఇల్లేనన్న పాత మాట దగ్గరికే మళ్ళీ వస్తాం. నగర శివారులో ఒక గుట్ట మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు కాపలా మనిషి వచ్చి, "ఏం మేడం, ఇంట్లో ఏమన్నా గొడవా?" అని నన్ను అడిగాడు. మంచివాడే, భయపడి అడిగాడు. ఆడది ఒక్కతే ఎత్తైన చోటుకు వచ్చిందంటే దూకడానికే అయ్యుంటుందని అతనికి ఎవరు నేర్పారు? మన కథలూ సినిమాలూ కావా? శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో "వై లాయిటర్?" పుస్తకంలో ముంబయి స్త్రీల కోసం పనిలేకుండా తిరిగే హక్కు అడిగారు. తెలుగులో మనం ఆ చర్చను ఇంకా గట్టిగా ఎత్తుకోలేదు.

మన దగ్గర ఆధారాలు లేక కాదు. నాయని కృష్ణకుమారి "కాశ్మీర దీపకళిక"ను యాత్రా సాహిత్యంగా మెచ్చుకుని వదిలేశాం. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"ను త్యాగాల చరిత్రగా పాఠం చెబుతున్నాం. సాయుధ పోరాటంలో అడవుల్లో తిరిగిన స్త్రీల గురించి వసంత కన్నబిరాన్, కె. లలిత 1989లో రాసిన ఇంగ్లీషు వ్యాసం పేరే "దట్ మేజిక్ టైమ్". ఆకలి, భయం, చావు ఉన్న కాలాన్ని ఇంద్రజాలం అని ఎందుకన్నారు? పోరాటం ముగిశాక పార్టీ వాళ్ళను ఇళ్ళకు పొమ్మన్నప్పుడు వాళ్ళు కోల్పోయినది రాజకీయం ఒక్కటేనా? కాళ్ళకు దొరికిన ఆ నేల కూడా కాదా? సాహిత్య పరిశోధకులుగా మనం ఈ ప్రశ్నతో ఆ గొంతుల్ని మళ్ళీ చదవాలి.

కూలి, తిండి, భద్రత తేలకుండా ఇదేం విలాసం అంటారు కొందరు మిత్రులు. కార్మికోద్యమం ఎనిమిది గంటల పని అడిగినప్పుడే ఎనిమిది గంటల విశ్రాంతినీ, మరో ఎనిమిది గంటలు తమ ఇష్టానికీ అడిగింది. ఆ మూడో ఎనిమిది గంటలు విలాసమని ఎవరూ అనలేదు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికే అది విలాసమెలా అయింది?

2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం విద్యార్థులు బుల్డోజర్లకు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులాపింది. అప్పుడు ఎక్కువగా వినిపించిన వాదనలు జింకలు, నెమళ్ళు, వేడి, నీరు. అన్నీ నిజమే. అడవి కూడా తన ఉపయోగాన్ని రుజువు చేసుకుంటేనే బతకాలన్నమాట! మాకు తిరగడానికి చోటు కావాలి అనే వాదనను మనం కూడా సిగ్గుపడకుండా చేయాలి. మిగిలిన ప్రతి గుట్టకూ దారి, మరుగుదొడ్డి, బస్సు, వెలుతురు అడగాలి. భువనగిరి బండ ఎంపికైన పిల్లలకే కాక, ప్రతి గురుకులం పిల్లకూ ఏడాదికి ఒక్కసారైనా, పోటీ లేకుండా, దక్కాలని అడగాలి. ఇంట్లో వారానికి ఒక పూట వంటకు ఎగనామం పెట్టాలి. ఎక్కడికని అడిగితే ఊరికే అని చెప్పాలి. ఆ జవాబు అలవాటయ్యే దాకా చెబుతూనే ఉండాలి.