పేరు రాణిది, రాయి రాజుది, మరపు మనది



మొన్న సాయంకాలం మా ఊరి గ్రంథాలయం అరుగుమీద నలుగురు విశ్రాంత ఉపాధ్యాయులం కూర్చుని ఉండగా మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలు ప్రసక్తి వచ్చింది. దాని పునరుద్ధరణకు అక్కడి నగరపాలక సంస్థ 2023లో 32 కోట్ల రూపాయలకు పైబడిన పనికి పూనుకొన్నదని నేనన్నాను. చాలాకాలం సాంఘికశాస్త్రం బోధించిన మిత్రులొకరు వెంటనే అందుకొని, "ఏం మాస్టారూ, మనల్ని ఏలిన రాణి పేరిట లేచిన మేడ అది. కూలితే పీడ పోతుంది గాని, దానికి ఇన్ని కోట్లా? అయినా ఎక్కడో తమిళదేశంలో ఉన్న మేడ గొడవ మనకెందుకండీ?" అన్నారు. తక్కినవారు తలలూపారు.

అప్పటికప్పుడు నాకు సమాధానం తోచలేదు. ఇంటికి వచ్చిన తరువాత ఒక్కటొక్కటిగా తోచింది. అరుగుమీద చెప్పలేకపోయినది ఇక్కడ చెబుతున్నాను. మిత్రుల మాటలో మూడు వాదాలున్నాయి. అది రాణిగారి మేడ అన్నది మొదటిది. దానికి డబ్బు దండుగ అన్నది రెండవది. అది మనది కాదన్నది మూడవది. మూడూ నిలిచేవి కావని నా అభిప్రాయం. చివరిదైతే తప్పు మాత్రమే కాదు, కృతఘ్నత కూడా.

మొదట రాణిగారి సంగతి చూద్దాం. మద్రాసుకు ఒక పురమందిరం కావాలని ఆ నగర ప్రముఖులు సంకల్పించినది 1882లో. శంకుస్థాపన జరిగినది 1883 డిసెంబరులో. విక్టోరియా రాణి సింహాసనమెక్కి యాభై ఏళ్ళు నిండిన స్వర్ణోత్సవం 1887లో. లెక్కలు చెప్పే మాస్టారు అక్కరలేదు, తేదీలు వరుసగా పెట్టి చూస్తే చాలు. రాయి పడిన నాలుగేళ్ళకు గాని ఆ ఉత్సవం రాలేదు. కోరిక ఊరివారిది. పేరు తరువాత వచ్చి చేరింది. బిడ్డ పుట్టిన తరువాత పెట్టిన పేరును బట్టి బిడ్డ ఎవరిదని తేల్చేవారుంటారా?

ఆ రాయి వేసిన చేయి ఎవరిది? విజయనగర ప్రభువు పూసపాటి ఆనంద గజపతిరాజుగారిది. కన్యాశుల్కం అంకితం పుచ్చుకొన్న ఆనంద గజపతే ఆయన. గురజాడవారిని ఆదరించిన సంస్థానాధీశుడే మద్రాసు పురమందిరానికి పునాదిరాయి వేశాడు, ధనమూ ఇచ్చాడు. ఇంకా ఎందరో దేశీయుల చందాలు దానిలో కలిశాయి. పీపుల్స్ పార్కు భూమిలోనుంచి 57 గ్రౌండ్లు, అంటే మూడెకరాలకు పైచిలుకు, గ్రౌండుకు ఏడాదికి 8 అణాల కౌలుమీద 1886లో 99 ఏళ్ళకు ఇచ్చారు. నమూనా గీసినవాడు రాబర్ట్ చిషోమ్, మద్రాసు విశ్వవిద్యాలయపు సెనేట్ హౌసును నిర్మించిన వాస్తుశిల్పి. 1888 నుంచి 1890 వరకు నిలబడి కట్టించిన గుత్తేదారు నంబెరుమాళ్ శెట్టిగారు. ఆయన ఇంటిపేరు తాటికొండ! మద్రాసు హైకోర్టు కట్టడమూ ఆయన చేతిమీదుగానే సాగింది. ఇక ఆ మేడలో రాణిగారి వాటా ఎంతో మీరే చెప్పండి.

పేరు నచ్చకపోతే పేరును గురించి వాదించుకోవచ్చు. కాని పేరుమీది కోపంతో గోడలు కూలగొట్టమనడం, గుమ్మంమీద చెక్కిన అక్షరాలు నచ్చలేదని ఇల్లు తగలబెట్టుకోవడం వంటిది.

రెండవది డబ్బు. ఈ వాదాన్ని నేను తేలికగా తీసివేయను. వాన వస్తే పిల్లలను ఒక మూలకు జరిపి పాఠం చెప్పిన తరగతి గదులు నా ఉద్యోగజీవితంలో తక్కువేమీ కావు. కోట్ల మాట వినగానే ఆ కారే కప్పులు నాకూ గుర్తుకు వస్తాయి. అయితే ఒకటి అడుగుతాను. మేడను పాడుపెట్టి మిగిల్చిన డబ్బుతో బడికి కప్పు వేయించిన సర్కారును మీరు చూశారా? పాతదాన్ని కూల్చిన చోట వ్యాపార సముదాయాలు లేచినవే నేను చూశాను. పైగా చెడిన తరువాత బాగుచేయడానికి కోట్లు కావాలి. చెడకుండా చూసుకోవడానికి ఏటా కొద్దిపాటి సొమ్ము చాలు. 1980లలో ఆ 99 ఏళ్ళ కౌలు తీరింది. కౌలు తీరిన తరువాత కలిగిన వివాదాలు ఏళ్ళ తరబడి నడిచాయి. ఆవరణలో దుకాణాలు పెరిగాయి, కప్పు కురిసింది. ఆనాడు చేయని చిన్న ఖర్చే ఈనాటి పెద్ద ఖర్చు. దండుగ అనదలిస్తే ఆ నిర్లక్ష్యాన్ని అనండి.

రాణిగారి సొంత ఊరిలో ఏం చేశారో కూడా చూద్దాం. లండను ఉత్తరాన ఒక కొండమీద సామాన్యజనుల వినోదవిజ్ఞానాలకని అలెగ్జాండ్రా పాలెస్ కట్టారు. దానికి జనం పెట్టుకొన్న పేరు ప్రజల ప్రాసాదం. 1873 మేలో తెరిచిన పదహారు రోజులకే అది కాలిపోయింది. మళ్ళీ కట్టి 1875లో తెరిచారు. అమ్ముడుపోయే ప్రమాదం వస్తే 1900లో చట్టం చేసి ప్రజలకోసం ధర్మకర్తల చేతిలో పెట్టారు. 1936 నవంబరు 2న బి.బి.సి. వారి టెలివిజన్ ప్రసారాలు అక్కడనుంచే మొదలయ్యాయి. అదే నెల 30న లండను దక్షిణాన ఉన్న క్రిస్టల్ పాలెస్ కాలి బూడిదై మరి లేవలేదు. అలెగ్జాండ్రా పాలెస్ కూడా 1980లో మరోసారి కాలింది, మరోసారి లేచింది. దానిలోని నాటకశాల సుమారు 80 ఏళ్ళు ప్రేక్షకుల ముఖం చూడలేదు. 2018లో దాన్ని తిరిగి తెరిచినప్పుడు గోడలకు కొత్త రంగులు పులమలేదు. వెలిసిన పూతను, పెచ్చులూడిన గచ్చును ఇక చెడకుండా పట్టి నిలిపి, ఆ గోడల నడుమనే మళ్ళీ నాటకం ఆడించారు. ముసలిదానికి పడుచువేషం వేయలేదు. ఊపిరి పోశారు. పునరుద్ధరణ అంటే నా దృష్టిలో అది. వెలుపల రంగు, లోపల తాళం, గుమ్మంలో దీపాలు కాదు.

ఇక మూడవది, అది మనది కాదనే మాట. నన్ను అన్నిటికంటె బాధించినది ఇదే.

1891లో బళ్ళారినుంచి ఒక నాటకసమాజం మద్రాసుకు వచ్చింది. పేరు సరసవినోదినీ సభ. నడిపినవారు ఆంధ్రనాటక పితామహులని మనం పాఠాలలో చెప్పే ధర్మవరం కృష్ణమాచార్యులవారు. ఈ హాలులో ఆ తెలుగు నాటకాలు చూసినవారిలో ఒక తమిళ యువకుడున్నాడు. అంతవరకు అతనికి నాటకమంటే ఏవగింపు. చదువుకొన్నవారు, గౌరవనీయులైనవారు ముఖానికి రంగు పూసుకొని ఇంత నిండుగా ఆడగలరా అని అతని మనసు మారింది. అదే ఏడాది మిత్రులతో కలిసి సుగుణవిలాస సభ స్థాపించాడు. అతడే తమిళ నాటకరంగానికి పెద్దదిక్కైన పమ్మల్ సంబంధ మొదలియారు. ఈ సంగతి తన స్మృతులలో ఆయనే చెప్పుకొన్నాడు. తమిళులు తమ ఆధునిక నాటకచరిత్ర చెప్పుకొనేటప్పుడు మన ధర్మవరంవారిని తలచుకొంటారు. మనమేమో ఆ మేడ మనకెందుకంటున్నాము!

ఇంకొకటి. 19వ శతాబ్ది ముగియకముందే ఈ హాలులో కదిలే బొమ్మల ప్రదర్శన జరిగింది. 1910 ప్రాంతంలో బందరువాడైన రఘుపతి వెంకయ్యగారు క్రోనోమెగాఫోను అనే యంత్రం తెప్పించారు. బొమ్మను చూపుతూ దానికి జతగా ధ్వని వినిపించే యంత్రమది. దానితో ఆయన ఈ హాలులోనే ప్రదర్శనలిచ్చారు. తరువాత బర్మా, సింహళం తిరిగివచ్చి మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించారు. ఆయన తెలుగు సినిమాకు పితామహులని 1980లో వారి పేరిట పురస్కారం నెలకొల్పుకొన్నాము. పురస్కారానికి పేరు కావాలి, శాలువా కావాలి. ఆయన తెర కట్టిన చోటు మాత్రం అక్కరలేదు.

"మద్రాసు మనదే" అని ఒకప్పుడు గొంతులు చించుకొన్నాము. 1953లో మద్రాసు లేకుండానే ఆంధ్రరాష్ట్రం వచ్చింది. నేల ఎవరిదన్న తగవు ఆనాటితో తీరిపోయింది, దాన్ని తిరగదోడమని నేననడం లేదు. నేల పోతే పోయింది, జ్ఞాపకాన్ని ఎవరు లాక్కొన్నారు? దాన్ని మనమే వదిలేసుకొన్నాము. వారసత్వానికి పట్టాలుండవు, తలచుకొన్నవారిదే అది.

ఇంతగా నిందిస్తున్నానే, నా సంగతి చెప్పవద్దా? 1984లో భాషాప్రవీణ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న రోజుల్లో ఒకసారి మద్రాసు వెళ్ళాను. మూర్ మార్కెట్టులో పాతపుస్తకాల అంగళ్ళ చుట్టూ ఒక పూటంతా తిరిగి, అట్టలేని నాటకాల సంపుటి ఒకటి బేరమాడి కొన్నాను. ధర్మవరంవారి పేరు ఉన్నదనే కొన్నాను. ఆ పుస్తకం చంకలో పెట్టుకొని, రిప్పన్ భవనానికీ సెంట్రల్ స్టేషనుకూ నడుమ ఎర్ర ఇటుకల మేడ ఒకటి కనిపిస్తే, దాని నీడన కాసేపు నిలబడ్డాను. అదేమిటని ఎవరినీ అడగలేదు. ఆ నాటకకర్త తన వారితో వచ్చి ఆడిన రంగస్థలానికి నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎండ తగ్గితే చాలుననుకొన్నాను. మరుసటి ఏడు, 1985 మేలో, మూర్ మార్కెట్టు కాలిపోయింది. ఆ స్థలం రైల్వేవారి భవనానికి పోయింది. నా పుస్తకం మిగిలింది, దాన్ని అమ్మిన అంగడి లేదు. అటు తరువాత ముప్పై ఏళ్ళు పిల్లలకు కన్యాశుల్కం గురించి చెబుతూ ఆనంద గజపతి పేరు ఎన్నిసార్లు ఉచ్చరించానో లెక్కలేదు. ఆయన వేసిన రాయి మద్రాసులో ఉన్నదని ఒక్కనాడూ చెప్పలేదు. నాకే తెలియదు కనుక. మా మిత్రులను తప్పుపట్టే ముందు ఈ తప్పు నా ఖాతాలో రాసుకొంటున్నాను.

కనుక నేను కోరేవి ఇవి. ఆ హాలు ప్రదర్శనశాలగా మాత్రమే మిగలరాదు. వేదిక వేదికగా ఉండాలి. చిన్న నాటకసమాజాలు భరించగల అద్దెకు దొరకాలి. తమిళ నాటకం ఆడినట్లే తెలుగు నాటకమూ అక్కడ ఆడాలి. అది ఆడవలసినది మనం గాని తమిళులు కాదు. ఆ గోడమీద ఆనంద గజపతి, ధర్మవరం, రఘుపతి వెంకయ్యల పేర్లు తమిళంలోనూ తెలుగులోనూ చదవడానికి వీలుగా ఉండాలి. చెన్నైలో ఉన్న బ్లాగ్మిత్రులు ఒక ఆదివారం వెళ్ళి, చూసినది చూసినట్లు ఒక టపా రాయాలి. తెవికీలో రాసే ఓపికమంతులు తేదీలు సరిచూసి చేర్చాలి.

చెన్నై దూరమనేవారికి రాజమహేంద్రవరం ఉంది. వీరేశలింగం పంతులుగారు అక్కడ పురమందిరం కట్టించినదీ 1890లోనే. ఒక ఊళ్ళో రాజుగారి చేయి, ఇంకొక ఊళ్ళో ఒక బడిపంతులి చేయి. రెండుచోట్లా కోరిక ఒక్కటే, నలుగురూ కూడి వినడానికీ చూడడానికీ ఒక కప్పు కావాలని. మీ ఊళ్ళోనూ అటువంటిదొకటి ఉండే ఉంటుంది. దాని తలుపు చివరిసారి ఎప్పుడు తీశారో కనుక్కోండి.

ఇది రాసిన తరువాత మా మిత్రులకు అచ్చు తీసి ఇచ్చాను. చదివి, చాలాసేపు మాట్లాడలేదు. "ధర్మవరంవారు అక్కడ ఆడారన్నది నాకు తెలియదండీ" అన్నారు. నాకూ తెలియదని చెప్పాను. వచ్చే నెల ఇద్దరం కలిసి చెన్నై వెళదామనుకొంటున్నాము. ఈసారి నీడన నిలబడి తిరిగిరాము.

 తప్పులుంటే దిద్దండి, తేదీలో పొరపాటుంటే మరీ ముందుగా.