ఊపిరి కడుగుటయా? ధూళి నాపుటయా?

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయన క్రొత్త యౌషధమేదియు కనిపెట్టలేదు. రోగము మానవశరీరమున ప్రవేశించు త్రోవను చూపెను. ఆ త్రోవను మూయుటయే పరమౌషధమని పిమ్మట లోకము గ్రహించెను. ఆ నగరమునకు చేరువనే, మౌలాలి సమీపమున, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు స్థాపితమైనది. యురేనియమును శుద్ధిచేసి, దాని ఆక్సైడును బిళ్లలుగా నొత్తి, జిర్కోనియపు మిశ్రలోహపు గొట్టములలో నింపి అణువిద్యుత్కేంద్రములకు పంపుట దాని పని. కావున అణుధూళిని పీల్చినవాని గతి యేమను ప్రశ్న తెలుగువారికి పరాయిది కాదు.

ఊపిరితిత్తులను కడిగి యా ధూళిని తీయవచ్చునుగదా యని కొందరు ధైర్యము చెప్పవచ్చును. ఈ మాటయందు సత్యమెంత?

పీల్చిన ధూళిలో స్థూలకణములు శ్వాసనాళములందే చిక్కి, కఫముతో గొంతునకు చేరి బయటపడును. అతిసూక్ష్మకణములు వాయుకోశముల వరకు పోవును. అచట భక్షకకణములు వానిని మ్రింగును గాని జీర్ణించుకొనలేవు. యురేనియం డయాక్సైడు, ప్లుటోనియం డయాక్సైడు వంటివి నీట కరగనివగుటచే ఏండ్ల తరబడి యచటనే నిలుచును. వాని ఆల్ఫా కిరణములు దేహధాతువులలో మిల్లీమీటరున పదవవంతైనను చొరలేవు. వెలుపలనున్నచో మృతచర్మపు పొరయే వాని నాపును. లోపల చేరినచో తమ శక్తినంతయు ఆ స్వల్పదూరముననే జీవకణములపై గ్రుమ్మరించును.

రోగికి మత్తిచ్చి, ఒక ఊపిరితిత్తితో శ్వాస నడుపుచు, రెండవదానిని గోరువెచ్చని ఉప్పునీటితో పలుమార్లు నింపి వెడలించుటయే యీ చికిత్స. కొన్ని దినముల పిదప రెండవ ప్రక్క కడుగుదురు. వాయుకోశములలో మాంసకృత్తులు పేరుకొను నొక అరుదైన వ్యాధికి ఇది 1960వ దశాబ్దము నుండి వాడుకలో నున్నది. కుక్కలపై చేసిన ప్రయోగములలో పలుమార్లు కడిగినపుడు సుమారు సగము వరకు కరగని కణములు తొలగినవి. మనుష్యులయందలి యనుభవము అత్యల్పము. ప్లుటోనియము పీల్చిన యొక అమెరికను గూర్చి 1972లో ప్రకటితమైన వృత్తాంతమున తొలగినది స్వల్పభాగమే. డీటీపీఏ యను మందు రక్తమున చేరిన ప్లుటోనియమును మూత్రము ద్వారా వెడలించునేగాని ఊపిరితిత్తులలోని కరగని కణములను కదల్చజాలదు. యురేనియమునకు అసలే పనికిరాదు. కావుననే, లోని భారము అత్యధికమై శీఘ్రహాని తప్పదని తేలినప్పుడే వైద్యులు కడుగుటకు పూనుకొందురు. మత్తు వలని యపాయము నేటిది. కాన్సరు భయము ఏండ్ల తరువాతిది. ఈ రెంటిని త్రాసున వేయక తప్పదు.

త్రాసున వేయుటకు తూనికరాళ్లు కావలెను. ఎంత ధూళి లోనికి పోయినదో తెలియనిదే ఏ వైద్యుడు నిర్ణయింపగలడు? గాలిని పరీక్షించుట, మూత్రమును శోధించుట, వక్షమునందలి కిరణములను యంత్రముతో లెక్కించుట వెంటనే జరుగవలెను. ఆలస్యమైన కొలది కణములు లసికాగ్రంథులకు చేరి, కడుగుటకు అందకుండపోవును. జ్ఞానమే యిచట ప్రథమచికిత్స.

1962వ సంవత్సరపు అణుశక్తి చట్టము ప్రభుత్వమునకు విస్తృతమైన గోప్యతాధికారము నొసంగెను. 1983లో అణుశక్తి నియంత్రణ మండలి యేర్పడినది. బాంబు రహస్యమును దాచుట రాజనీతి కావచ్చును. కాని కూలివాని ఊపిరితిత్తులలోని లెక్క రాజ్యరహస్యమెట్లగును? అది వాని సొంత శరీరపు పద్దు. స్థిరోద్యోగియైనను, కాంట్రాక్టు కూలీయైనను, అణుధూళి నడుమ పనిచేయు ప్రతివాని చేతను తెలుగులో వ్రాసిన కిరణమోతాదు పుస్తకముండవలెను. కాంట్రాక్టరు మారినను ఆ పుస్తకము మారరాదు. కొలువు ముగిసినను వైద్యపరీక్షలు ముగియరాదు.

ముసుగు, మూసిన పెట్టె, ధూళిని పీల్చివేయు గాలియంత్రము, నిత్యపరీక్ష: ఇవి కడుగుడు చికిత్స కంటె చవుక, కడుగుడు కంటె నిశ్చయము. ఉప్పునీరు కడపటి యాశ్రయము. దానిని మొదటి హామీగా చూపుట కార్మికుని వంచించుటయే. బేగంపేటలో నేర్చిన పాఠమును మౌలాలిలోను, అణుఖనిజమును త్రవ్వు మన తుమ్మలపల్లెలోను అధికారులు మరువకుందురుగాక.