కోడ్ 93

గూడూరులో మా పెద్దమ్మకి డెబ్బై ఏళ్ళు. తుమ్మకంప తనే నరుక్కుంటుంది, మొద్దులు తనే చీల్చుకుంటుంది. ఒకప్పుడు ఒక్క వేటుకి పగిలే మొద్దుకి ఇప్పుడు నాలుగు వేట్లు. 'గట్టి మనిషి' అని అందరూ మెచ్చుకుంటారు. అది గట్టితనం కాదు, గత్యంతరం లేకపోవడం. 2024 నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మిగతా రోజులకు గొడ్డలే.

జాతీయ నమూనా సర్వేల్లో ఈమెది కోడ్ 93: ఇంటిపనితోపాటు కట్టెలు, మేత వగైరా ఏరి తెచ్చుకునే మనిషి. అంటే శ్రామికుల లెక్కలోకి రాదు. అవే కట్టెలు బజార్లో అమ్మితే మాత్రం శ్రామికురాలు!

రాసే ఆడవాళ్ళం, మనమేమైనా తక్కువ తిన్నామా? కట్టెలపొయ్యి మీద కాగిన చేపలపులుసు రుచి గురించి పేజీలు నింపాం. ఆ కట్టె చీల్చిన ముసలి భుజాన్ని మరిచాం. రుచిని తలుచుకునే ముందు, ఆ చాకిరీని పని అని ఒప్పుకుందాం.