దిగులు అనే మాట ఎక్కడా లేదు

మా పెదనాన్నగారి మనవడు ఆదివారం పొద్దున్నే వచ్చాడు, చేతిలో 14 పేజీల కాగితాల కట్టతో. 26 ఏళ్లవాడు, గుంటూరులో సెల్‌ఫోన్ల షాపులో పని. ఏడాదిగా సరిగ్గా నిద్ర లేదు. కంచం ముందు కూర్చుని కెలికి లేచిపోతాడు. చూస్తున్న డాక్టరు డిప్రెషన్‌కి కొత్త మందు పరీక్షిస్తున్నామని, చేరతావా అని అడిగారట. “చదివాను బాబాయ్. తెలుగులోనే ఉంది గానీ అర్థం కాలేదు” అన్నాడు.

నేనూ చదివాను. ‘యాదృచ్ఛికీకరణ’ కింద వాడు పెన్సిల్‌తో రెండు గీతలు గీశాడు. ‘ప్రతికూల సంఘటన’ పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. ‘విషాదగ్రస్త మనోస్థితి’ అని ఉంది గానీ దిగులు అనే మాట ఎక్కడా లేదు. గుబులు లేదు, ఏమీ తోచకపోవడం లేదు. మన ఇళ్లలో ఈ జబ్బుని చెప్పుకునే మాటల్లో ఒక్కటీ ఆ కట్టలోకి రాలేదు.

యాదృచ్ఛికీకరణ అంటే చీటీలు తీసినట్టు కొందరికి మందు, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్త బిళ్ల ఇస్తారని, ఎవరికి ఏది వచ్చిందో డాక్టరుకీ తెలియదని చెప్పాను. రెండు వాక్యాలు. వాడికి వెంటనే అర్థమైంది. “నాకు ఉత్త బిళ్ల వస్తే?” అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. డిప్రెషన్ పరీక్షల్లో ఉత్త బిళ్ల మింగినవాళ్లలోనూ చాలామంది తేరుకుంటారు. వారం వారం ఒక మనిషి ఎదురుగా కూర్చుని నిద్ర పట్టిందా, అన్నం సయిస్తోందా అని అడగడం తక్కువ వైద్యమేమీ కాదని నా నమ్మకం. అయినా జబ్బు ముదిరితే ఏం చేస్తారో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే అడిగి తెలుసుకోమన్నాను. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చనీ చెప్పాను.

పరీక్షలకి నేను వ్యతిరేకిని కాను. ఇవాళ మనం వాడే ప్రతి మందు వెనకా ఇలాంటి కుర్రాళ్లున్నారు. నా బాధ ఆ సంతకం గురించి. పాల్గొనేవాళ్లకి అర్థమయ్యే సులువైన భాషలో చెప్పాలని 2019 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. చెప్పకపోతే ఏమవుతుందో మనకి ఖమ్మం నేర్పింది. అక్కడ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకాలు వేసిన ప్రాజెక్టులో 9,543 అంగీకార పత్రాలు చూస్తే, వాటిలో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. 1,948 వేలిముద్రలు.

వాడి చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. “ఆ మందు పనిచేసిందో లేదో ఆఖర్న నాకు చెబుతారా?” 14 పేజీలూ మళ్లీ తిరగేశాను. ఒక్క ముక్క లేదు. 12 డిప్రెషన్ మందుల మీద అమెరికాలో నమోదైన 74 పరీక్షల్ని పట్టి చూసి 2008లో ఒక వ్యాసం వేశారు. మందుకి అనుకూలంగా వచ్చిన 38లో 37 అచ్చయ్యాయి. అనుకూలంగా రాని 36లో 22 అసలు అచ్చే కాలేదు, 11 బాగా వచ్చినట్టు కనిపించేలా అచ్చయ్యాయి. బయటికి రాని పరీక్షల్లో పాల్గొన్నవాళ్లు 3,449 మంది. మంచం దిగడమే కష్టమైన రోజుల్లో లేచి, బస్సెక్కి, ఆసుపత్రికి వెళ్లి, తమ దిగులుకి మార్కులు వేసుకున్నవాళ్లు. వాళ్ల కష్టాన్ని అలా సొరుగులో పడేయడం దొంగతనమే.

ఇక పరీక్షలు దాటి షాపులోకొచ్చిన మందుల సంగతి. అట్ట మీద తెలుగు అక్షరం కనిపించదు. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ తెల్లబిళ్ల, పచ్చబిళ్ల అనే గుర్తు పెట్టుకుంటారు. షాపువాడు అట్టని కత్తిరించి ఇస్తే ఆ ఉన్న ఇంగ్లీషు పేరూ సగం పోతుంది. పాన్ మసాలాకి తెలుగులో బోర్డులు పెట్టగలిగిన వ్యాపారులున్న రాష్ట్రాల్లో మందుకి రెండు తెలుగు వాక్యాలు ఎందుకు కుదరవు? డిప్రెషన్ మందులు చాలావరకు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. డాక్టరుని అడగకుండా ఉన్నట్టుండి ఆపకూడదు. అట్ట మీద ఆ రెండు మాటలు చాలు.

వాడు వెళ్లబోతూ తాళంచెవుల కోసం జేబు తడుముకుంటే పాత అట్ట ఒకటి కింద పడింది. పది బిళ్లల్లో నాలుగే వాడాడు. ఎందుకు మానేశావురా అన్నాను.

“నాలుగు రోజులైనా ఏం తేడా కనిపించలేదు బాబాయ్.”