భారీ లోడ్ల రవాణాకు రెండు రాష్ట్రాల్లో చెల్లే ఒకే పర్మిట్ కోరుతూ వినతిపత్రం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వాల గౌరవనీయ రవాణా శాఖ, రోడ్లు–భవనాల శాఖ మంత్రివర్యులకు,

సమర్పించుకుంటున్నవారు: రెండు రాష్ట్రాల్లో భారీ లోడ్లు మోసే హైడ్రాలిక్ ట్రైలర్ల యజమానులు, డ్రైవర్లు, హెల్పర్లు

విషయం: కొలతల్లోనూ బరువులోనూ పరిమితి దాటే, విడదీయడానికి వీలులేని లోడ్ల (ఓడీసీ) రవాణాకు ఒకే పర్మిట్ ఇవ్వాలని, దారిలోని వంతెనల వివరాలు ప్రకటించాలని, బండి మీద పనిచేసేవారి ప్రాణాలకు రక్షణ కల్పించాలని కోరుతూ.

అయ్యా,

సబ్‌స్టేషన్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, థర్మల్ కేంద్రంలోని జనరేటరు, అనంతపురం కొండల మీద తిరిగే గాలిమర రెక్క, ఇవన్నీ మావంటి వారి బండ్ల మీద రోడ్డెక్కి వచ్చినవే. రామచంద్రాపురం భెల్‌లో, పటాన్‌చెరు పక్కన రుద్రారంలో, విశాఖపట్నంలో తయారయ్యే భారీ యంత్రాలైనా, విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో ఓడ దిగే సామానైనా గమ్యం చేరాలంటే హైడ్రాలిక్ యాక్సిళ్లు కావాలి. ఈ సామాన్లను ముక్కలు చేసి రెండు లారీల్లో వేయడం కుదరదు.

చట్టం ప్రకారం మామూలు బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. 2018లో పెంచిన తరువాత కూడా ట్రాక్టర్–ట్రైలర్ మొత్తం బరువు 55 టన్నులు మించకూడదు. మా లోడ్లు ఈ హద్దులు దాటుతాయి గనుక ప్రతి ప్రయాణానికీ ప్రత్యేక అనుమతి ఉండి తీరాలి. ఆ మాట మేమూ ఒప్పుకుంటాం. అయితే ఇప్పుడు అనుమతులు ఇస్తున్న తీరు దారికి భరోసా ఇవ్వడం లేదు. చేతిలో కాగితం ఉన్నా మలుపు మలుపునా మళ్లీ అడుక్కోవలసి వస్తోంది. ఈ పరిస్థితి మారాలన్నదే మా వినతి.

ఇప్పుడు జరుగుతున్నది

కృష్ణపట్నం రేవులో దిగిన ఒక జనరేటర్ భాగం నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రానికి చేరాలనుకుందాం. మేదరమెట్ల దాకా 16వ నంబరు జాతీయ రహదారి. అక్కడి నుంచి అద్దంకి, పిడుగురాళ్ల మీదుగా నార్కట్‌పల్లి వైపు వెళ్లే రోడ్డు. వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే తెలంగాణ. జాతీయ రహదారికి కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఆన్‌లైన్‌లో అనుమతి ఇస్తుంది. రాష్ట్రం చేతిలో ఉన్న రోడ్డుకు రోడ్లు–భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) ఇవ్వాలి. కొలతల మినహాయింపు రవాణా శాఖ చూడాలి. ఊళ్లలో ఏ వేళ కదలాలో పోలీసులు చెప్పాలి. తీగలు తగిలేచోట విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) రావాలి, గేటు తగిలేచోట రైల్వే ఒప్పుకోవాలి. నది దాటగానే ఈ వరుసంతా మళ్లీ మొదటికి వస్తుంది. 2014 జూన్ 2కు ముందు ఇదంతా ఒకే రాష్ట్రం. ఇప్పుడూ రోడ్డు అదే, వంతెన అదే. తిరగవలసిన కార్యాలయాలు మాత్రం రెట్టింపయ్యాయి.

ఒక శాఖ అనుమతి చేతికి వచ్చేసరికి మరో శాఖ ఇచ్చిన గడువు ముగిసిపోతోంది. గడువు తీరిన కాగితంతో కదిలితే చలానా, కదలకపోతే రోడ్డు పక్కన కాపలా. బండి నిలిచిన ప్రతి రోజుకూ ట్రైలరును లాగే పుల్లర్ మీది అప్పు వాయిదా, సిబ్బంది బత్తా యజమాని మీద పడతాయి. ఆ భారం సరుకు పంపిన సంస్థ మీదికి, అక్కడి నుంచి ప్రాజెక్టు ఖర్చులోకి, చివరకు కరెంటు బిల్లు కట్టే ప్రజల మీదికి వెళుతుంది.

రోడ్డు పాడవుతుందన్న అభ్యంతరంపై

మా బండ్ల వల్ల రోడ్లు చెడిపోతున్నాయన్న మాట అధికారుల నోట తరచూ వింటున్నాం. లెక్క చూడమని కోరుతున్నాం. 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నాలుగు టైర్ల యాక్సిల్ మీద 11.5 టన్నులు మోయవచ్చు. అంటే టైరుకు 2.9 టన్నులకు దగ్గర. హైడ్రాలిక్ ట్రైలర్‌లో ఎనిమిది టైర్ల వరుసకు అనుమతి 18 టన్నులు, అంటే టైరుకు 2.25 టన్నులు. నిబంధన ప్రకారం నింపిన హైడ్రాలిక్ ట్రైలర్ టైరు, నిండు లారీ టైరు కన్నా రోడ్డును తక్కువగానే నొక్కుతుంది. బరువును ఎక్కువ టైర్ల మీదికి పంచడానికే ఆ ట్రైలరును అలా తయారుచేశారు.

వంతెన సంగతి వేరు. అక్కడ టైరు బరువుతో పాటు ఒక్కసారిగా మీద పడే మొత్తం బరువునూ చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెనల ప్రమాణం ఐఆర్‌సీ 6లో 25 టన్నుల పుల్లర్, 20 వరుసల ట్రైలర్ కలిపి 385 టన్నుల ప్రత్యేక వాహనానికి లెక్క ఉంది. అలాంటి బండి వంతెన మీద గంటకు 5 కిలోమీటర్లు దాటకుండా, నడిమధ్యగా, ఒంటరిగా వెళ్లాలన్నది ఆ లెక్కకు ఆధారం. ఏ వంతెన ఈ బరువు తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో మాకు చెప్పేవారు కావాలి. పర్మిట్ చేయవలసిన అసలు పని అదే.

మా డిమాండ్లు

1. ఒకే దరఖాస్తు, ఒకే పర్మిట్. రెండు రాష్ట్రాల రవాణా, ఆర్ అండ్ బీ, పోలీసు, విద్యుత్ శాఖలను ఒకే ఆన్‌లైన్ వేదిక మీదికి తేవాలి. కేంద్రం పోర్టల్‌తోనూ రైల్వేతోనూ దానిని కలపాలి. బయలుదేరే చోటు నుంచి దింపే చోటు దాకా ఒకే గడువు ఉండాలి. వంతెనల పరీక్ష అవసరం లేని లోడ్లకు 7 రోజుల్లో, అవసరమైన వాటికి 21 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. కాదంటే కారణం రాసి ఇవ్వాలి. అమెరికాలో పశ్చిమ ప్రాంతపు రాష్ట్రాలు కొన్ని ఒప్పందం చేసుకుని, ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్‌ను మిగతా రాష్ట్రాల నిర్ణీత దారుల్లోనూ చెల్లనిస్తున్నాయి. ఒకే భాష మాట్లాడే, నిన్నటిదాకా ఒకే పాలనలో ఉన్న రెండు రాష్ట్రాలకు ఇది కష్టం కాకూడదు.

2. వంతెనల పట్టిక. రేవుల నుంచి హైదరాబాద్ పారిశ్రామిక ప్రాంతానికి, థర్మల్ కేంద్రాలకు, రాయలసీమ గాలిమరల ప్రాంతాలకు వెళ్లే దారులను భారీ రవాణా దారులుగా ప్రకటించాలి. ఆ దారుల్లోని ప్రతి వంతెన, కల్వర్టు మోయగల బరువును, ప్రతి ఫ్లైఓవర్, సైన్ గ్యాంట్రీ కింద ఉన్న ఎత్తును అందరికీ కనబడేలా ప్రచురించాలి. రోడ్డు మీద కొత్త తారు పొర వేసినప్పుడల్లా ఎత్తు మళ్లీ కొలవాలి. ఈ దారుల్లో కొత్తగా కట్టే వంతెనలను 385 టన్నుల వాహనానికి సరిపోయేలా కట్టాలి.

ఈ పట్టిక లేకపోతే ఏమవుతుందో 2013 మే 23న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం చూసింది. పర్మిట్ ఉన్న ఎత్తయిన లోడు తగిలి స్కాజిట్ నది వంతెనలో ఒక భాగం కూలింది. ఎడమ లేన్‌లో ఎత్తు చాలేది, బండి కుడి లేన్‌లో వెళ్లింది. దర్యాప్తు డ్రైవరును, ముందు నడిచిన పైలట్ బండి డ్రైవరును మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేదు. దరఖాస్తును సరిగా పరిశీలించని పర్మిట్ పద్ధతినీ, ఎత్తు హెచ్చరిక బోర్డులు లేకపోవడాన్నీ ఎత్తిచూపింది. మన గోదావరి మీదో కృష్ణ మీదో అలాంటి రోజు రాకూడదని కోరుకుంటున్నాం.

3. విడదీయరాని లోడును అధిక లోడుతో కలపవద్దు. ఇసుక, కంకర, గ్రానైట్ హద్దుకు మించి నింపి పరిగెత్తే బండ్లకు మేము వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆ లోడు తగ్గించుకోవచ్చు, తగ్గించాలి. మోటారు వాహన చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక బరువుకు రూ.20,000, ఆపైన టన్నుకు రూ.2,000 జరిమానా. పక్కకో పైకో పొడుచుకొచ్చిన లోడుకు మరో రూ.20,000. అధికారి మినహాయింపు ఇచ్చిన లోడుకు ఈ రెండో జరిమానా వర్తించదని అదే సెక్షన్ చెబుతోంది. అయినా పర్మిట్ చూపిన తరువాత కూడా దారిలో చలానాలు పడుతున్నాయి. పర్మిట్‌లో రాసిన బరువుకు, కొలతలకు లోబడి ఉన్న బండి మీద ఏ చలానా రాయరాదని రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వు ఇవ్వాలి. అనుమానం ఉంటే కాటా మీద తూచి, రాతపూర్వకంగా కారణం ఇవ్వాలి.

4. కరెంటు తీగల దగ్గర ప్రాణాలు. ఈ రోజుకీ చాలాచోట్ల లోడు మీద ఒక హెల్పర్ నిలబడి వెదురు గెడతో తీగలు ఎత్తుతున్నాడు. వాన చినుకుకు గెడ తడిసినా, ఒక్క అడుగు తప్పినా మనిషి పోతాడు. ఈ పనిని పూర్తిగా నిషేధించాలి. పర్మిట్‌లో చూపిన వేళకు డిస్కమ్ లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపి, తీగ ఎత్తించి, బండి దాటాక తిరిగి ఇవ్వాలి. అందుకు రుసుము నిర్ణయిస్తే ముందుగానే కట్టి రసీదు తీసుకుంటాం.

5. నిలుపుకోవడానికి చోటు. ఊళ్లలో పగలు కదలవద్దంటారు, రోడ్డు పక్కన ఆపవద్దంటారు. భారీ రవాణా దారుల్లో తగిన దూరానికొకటి గట్టి నేల, వెలుతురు, నీరు, మరుగుదొడ్డి ఉన్న హాల్టింగ్ స్థలాలు కట్టాలి. వరద, ఎన్నికలు, ప్రముఖుల పర్యటనల వంటి కారణాలతో అధికారులే ఆపినప్పుడు పర్మిట్ గడువు తనంతట తానే పెరగాలి. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు ఆగిన బండి తప్పు చేసినట్టు కాదు.

6. పైలట్లకు, డ్రైవర్లకు శిక్షణ. ముందు నడిచే పైలట్ బండి డ్రైవరుకు, పుల్లర్ డ్రైవరుకు, ట్రైలర్ వెనక చక్రాలు తిప్పే స్టీరింగ్ మనిషికి ప్రభుత్వ శిక్షణ, ధ్రువపత్రం ఉండాలి. ఎత్తు కొలిచే గెడ కట్టిన పైలట్ బండిని తప్పనిసరి చేయాలి. సిబ్బంది అందరికీ ప్రమాద బీమా ఉంటేనే పర్మిట్ ఇవ్వాలి. యజమానులుగా ఈ షరతును మేమే కోరుతున్నాం.

7. రుసుములు ఒకేచోట. ఏ శాఖకు ఎంత కట్టాలో ఒకే పట్టికలో ప్రకటించి, ఒకే చెల్లింపుగా వసూలు చేయాలి. ఆ సొమ్ములో కొంత ఈ దారుల్లోని వంతెనల తనిఖీకే కేటాయించాలి.

మా వైపు నుంచి హామీ

ప్రతి పుల్లర్‌కు జీపీఎస్ పెట్టి బండి ఎక్కడుందో అధికారులకు కనబడేలా చేస్తాం. దారి సర్వే చేసి ఫొటోలతో, కొలతలతో దరఖాస్తుకు జతచేస్తాం. వంతెన మీద వేగపు హద్దు పాటించకపోయినా, బరువు తక్కువ చూపినా ఆ యజమాని పర్మిట్లు ఆపేయమని మేమే కోరుతున్నాం. వంతెన బలపరచవలసి వస్తే, సరుకు పంపే సంస్థతో కలిసి న్యాయమైన వాటా భరిస్తాం.

చివరిగా, రెండు రాష్ట్రాల రవాణా, ఆర్ అండ్ బీ, పోలీసు, విద్యుత్ శాఖల అధికారులతోనూ రైల్వే ప్రతినిధులతోనూ నెల రోజుల్లోగా ఒక ఉమ్మడి సమావేశం ఏర్పాటుచేసి, మా ప్రతినిధులను పిలవాలని ప్రార్థిస్తున్నాం. మూడు నెలల్లోగా కృష్ణపట్నం–దామరచర్ల దారిలో ఒకే పర్మిట్ పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాలి. అక్కడ జాతీయ రహదారి ఉంది, రాష్ట్రం దాటే వంతెన ఉంది, భారీ సామాను చేరే కేంద్రం ఉంది. ఆ దారిలో సాధ్యమైతే మిగతా దారులన్నింటికీ అదే పద్ధతి వర్తింపజేయాలని సవినయంగా కోరుతున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
రెండు రాష్ట్రాల హైడ్రాలిక్ ట్రైలర్ల యజమానులు, డ్రైవర్లు, హెల్పర్లు